చలనం పాఠానికి ముందే కలనం (కాలిక్యులస్) చెప్పాలి

సంపాదకుడికి,

అయ్యా,

ఇంటర్మీడియట్ పుస్తకాలు మారుతున్న కాలమిది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి సంవత్సరం 2025-26 నుంచి జాతీయ స్థాయి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ బాట పట్టింది. ఏ పాఠం ఉంచారు, ఏది తీసేశారు, మార్కులు ఎలా పంచారు అన్న చర్చ స్టాఫ్ రూముల్లోనూ ఇళ్లలోనూ బాగానే సాగింది. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ ఒక్క లోటు వల్ల ఎంపీసీ పిల్లలు ఎంత నలిగిపోతారో కళ్లారా చూశాను కనుక రాస్తున్నాను.

మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో ప్రమాణాలు, కొలతలు అయిపోగానే వచ్చేది సరళరేఖలో చలనం. కాలేజీ తెరిచి నెల తిరక్కుండానే తక్షణ వేగం అంటే ‘డీఎక్స్ బై డీటీ’ అని బోర్డు మీద రాయాలి. అలా రాసిన ఒక రోజు ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి, “సార్, పైనా కిందా డీ ఉంది కదా, కొట్టేయొచ్చా?” అని అడిగింది. ఆ పిల్ల పదో తరగతిలో లెక్కలు బాగా చేసి వచ్చిన పిల్లే. పైనా కిందా ఒకే అక్షరం కనిపిస్తే కొట్టేయమని మనమే ఎన్నో ఏళ్లు నేర్పాం. డీ అనేది ఒక సంఖ్య కాదని, కొద్దిపాటి మార్పుకు గుర్తని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ డీలు కొట్టేస్తే మిగిలేది ఎక్స్ బై టీ, అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం. వేగం మారని బండి లెక్కల్లో ఈ తప్పు బయటపడనే పడదు, జవాబు సరిగ్గానే వస్తుంది. వస్తువు వెళ్లిన దూరం కాలం వర్గానికి 5 రెట్లు అని లెక్క ఇచ్చినప్పుడే దొరికిపోతుంది. 2 సెకన్లకు దూరం 20 మీటర్లు. కొట్టేసిన పిల్లలకు వేగం సెకనుకు 10 మీటర్లు వస్తుంది, నిజానికి రావాల్సింది 20. సరిగ్గా సగం. ఎందుకు సగమైందో చెప్పాలంటే అవకలనం (డిఫరెన్షియేషన్), అంటే ఒక్క క్షణంలో మార్పు రేటు కట్టే పద్ధతి, చెప్పాలి. నాకున్నది వారానికి కొన్ని పీరియడ్లు. అందుకని నేనూ, నాలాంటి చాలామందీ “ఘాతాన్ని ముందుకు తెచ్చి, ఒకటి తగ్గించండి, అంతే” అని చెప్పి ముందుకు పోయాం. పిల్లలు రాసుకున్నారు, బట్టీ పట్టారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇంతకీ అదే నెలలో పక్క గదిలో గణితం ఎక్కడ ఉండేది? నేను పనిచేసిన రోజుల్లో 1-బి పుస్తకం బిందుపథంతో మొదలయ్యేది. అక్షాల పరివర్తనం, సరళరేఖ, సరళరేఖాయుగ్మాలు, త్రిపరిమాణ నిరూపకాలు, దిక్ కొసైన్లు, సమతలం అన్నీ అయ్యాకే అవధులు (లిమిట్స్), ఆ తర్వాత అవకలనం. మా కాలేజీలో అక్కడికి చేరేసరికి దసరా సెలవులు దాటేవి. అప్పటికి నేను భ్రమణ చలనంలో ఉండేవాణ్ణి. న్యూటన్ 1665-66 ప్రాంతంలో కలనానికి పునాది వేస్తున్నప్పుడు ఆయన ఆలోచన నిండా కదిలే వస్తువులే. అలా కలిసి పుట్టిన రెండింటినీ మనం రెండు గదుల్లో పెట్టి, మధ్య నాలుగైదు నెలల ఎడం ఉంచాం.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వస్తే ఇది తీరిపోతుందనుకోవడం పొరపాటు. వాళ్ల పదకొండో తరగతి గణితంలో 14 అధ్యాయాలుంటే అవధులు, అవకలజాలు (డెరివేటివ్స్) పన్నెండోది. భౌతికశాస్త్రంలో సరళరేఖలో చలనం రెండోది. సదిశల (పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశులు, వెక్టర్లు) విషయంలో పరిస్థితి ఇంకా వెనక్కి పోయింది. మన పాత 1-ఎ పుస్తకంలో సదిశల సంకలనం, సదిశల లబ్ధాలు మొదటి ఏడాదిలోనే ఉండేవి. ఎన్‌సీఈఆర్‌టీలో గణితం తరపున సదిశలు పన్నెండో తరగతికి వెళ్లాయి. భౌతికశాస్త్రానికేమో పని గురించి చెప్పడానికి అదిశా లబ్ధం (డాట్ ప్రొడక్ట్), టార్క్, అంటే బలం తిప్పే ప్రభావం గురించి చెప్పడానికి సదిశా లబ్ధం (క్రాస్ ప్రొడక్ట్) పదకొండులోనే కావాలి. రసాయనశాస్త్రానికీ ఇదే ఇబ్బంది. పాత పదో తరగతి గణితంలో వాస్తవ సంఖ్యల పాఠంలో సంవర్గమానాలు (లాగరిథమ్స్) ఉండేవి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతిలో అవి లేవు. మొదటి ఏడాది పీహెచ్ (ద్రావణం ఆమ్లమా క్షారమా చెప్పే, సంవర్గమానంతో కట్టే కొలత) విలువ కట్టమంటే పిల్లలు దేన్ని పట్టుకుని కట్టాలి?

పుస్తకంలో అధ్యాయాల వరుసను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గణితానికి తనదైన క్రమం ఉంది, సరళరేఖ వాలు తెలియకుండా అవకలనం చెప్పమని నేను అడగను. కానీ పుస్తకంలో ఉన్న వరుసలోనే తరగతిలోనూ చెప్పాలన్న నియమం ఎక్కడిది? ప్రమేయాలు, త్రికోణమితి, సరళరేఖలు, వాటి వెంటనే అవధులు, అవకలజాలు అంటే ఎన్‌సీఈఆర్‌టీ సంఖ్యల్లో రెండు, మూడు, తొమ్మిది, పన్నెండు. సంకీర్ణ సంఖ్యలు, ప్రస్తారాలు, శాంకవాలు ఆ తర్వాత చెప్పినా నష్టం లేదు. ఘాత ప్రమేయం అవకలజానికి ద్విపద సిద్ధాంతంతో చేసే రుజువు ఉంది కదా, ఆ సిద్ధాంతం ముందే చెప్పకపోతే ఎలా అని గణితం లెక్చరర్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. వర్గానికీ ఘనానికీ చేత్తో గుణించి చూపిస్తే మొదటి నెలకు అది చాలు. పూర్తి రుజువు ద్విపద సిద్ధాంతం వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు. అలాగే స్ప్రింగును సాగదీయడంలో జరిగే పనికి సమాకలనం (ఇంటిగ్రేషన్) దాకా పోనక్కర్లేదు, గ్రాఫు కింద త్రిభుజ వైశాల్యం కట్టిస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

ఒక ఏడాది మేం ఇలా చేసి చూశాం. మా గణితం లెక్చరర్, నేను కూర్చుని మాట్లాడుకున్నాం, ప్రిన్సిపాల్ గారు సరేనన్నారు. గణితం లెక్చరర్ వాలు, అవకలనం ముందుకు తెచ్చారు. నేను ఆ వారాల్లో కొలతలు, దోషాలు నిదానంగా చెప్పి, వెర్నియర్, స్క్రూగేజీ ప్రయోగాలు ముందే చేయించాను. ఆయన గ్రాఫు కాగితం మీద గీయించిన వక్రాన్నే మర్నాడు నేను దూరం-కాలం గ్రాఫుగా వాడుకునేవాణ్ణి. పిల్లలు “ఇది నిన్న సార్ చెప్పిందే కదా” అంటుంటే ఎంత సంతోషం వేసేదో! మరుసటి ఏడాది ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన గెస్ట్ లెక్చరర్ వార్షిక ప్రణాళికలో ఉన్న వరుసనే పట్టుకున్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, ఆయన చేతికి అందిన కాగితం అదే.

జేఈఈ కోచింగ్ ఇచ్చే కాలేజీల్లో మొదటి వారాల్లోనే ‘బేసిక్ మ్యాథ్స్’ పేరుతో అవకలనం, సమాకలనం, సదిశలు చెప్పించుకుంటారు. ఆ వరుస అవసరమని వాళ్లకు తెలుసు. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలకు అది దక్కుతుంది. ప్రభుత్వ కాలేజీకి బస్సెక్కి వచ్చే పిల్లకు దక్కదు. ఆ పిల్ల తనకు ఫిజిక్స్ రాదనే అనుకుంటుంది. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులకూ నా విన్నపం ఒక్కటే. వార్షిక ప్రణాళికను సబ్జెక్టుకొక కమిటీ విడివిడిగా రాయకుండా గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల అధ్యాపకులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి రాయించండి. ఏ వారంలో ఏ సబ్జెక్టుకు గణితంలోని ఏ భాగం కావాలో పక్కపక్క గడుల్లో చూపే పట్టిక ఒక్క పేజీలో పడుతుంది. దానికి కొత్త పుస్తకాలు, కొత్త పోస్టులు అక్కర్లేదు. అందులో గణితం గడిలో మొదటి నెలలోనే వాలు, అవకలనం, సదిశల లబ్ధాలు, సంవర్గమానాలు ఉండాలి. కాలేజీలు తెరవకముందే ఆ కాగితం గెస్ట్ లెక్చరర్లతో సహా ప్రతి అధ్యాపకుడి చేతికీ అందేలా చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి