చిత్త నక్షత్రం ఒకటి కాదు, రెండు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒంటిపూట బడుల టైములు, వార్షిక పరీక్షల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలు గీసిన ఒక గ్రాఫు కోసం ఉంచాను.

చిత్త నక్షత్రం మనకి కనిపించేది ఒక్క చుక్కగానే. టెలిస్కోపులో చూసినా అంతే. అక్కడ ఉన్నవి రెండు నక్షత్రాలని 1890లో జర్మనీలో హెర్మన్ వోగెల్ తేల్చారు. దాని వెలుగుని రంగులుగా విడదీస్తే మధ్యమధ్యలో సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఆ గీతలు ఒక రోజు నీలం వైపు, మరో రోజు ఎరుపు వైపు జరుగుతున్నాయి. కావలి స్టేషన్లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూత మన వైపు వస్తున్నప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, వెలుగులోనూ అలాంటి మార్పే వస్తుంది. నక్షత్రం దగ్గరికొస్తే గీత నీలం వైపు, దూరమైతే ఎరుపు వైపు జరుగుతుంది. సెకనుకి 100 కిలోమీటర్ల వేగానికి హైడ్రోజన్ ఎర్రగీత జరిగేది 0.2 నానోమీటరే. అంత చిన్న కదలికని కొలిచి వేగం రాబడతారు. మన వైపు వచ్చే, మన నుంచి పోయే ఈ వేగాన్నే రేడియల్ వెలాసిటీ అంటారు.

మా సైన్సు మాస్టారు రోజులూ వేగాలూ పట్టికగా ఇచ్చారు. పిల్లలు గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే అల వచ్చింది. నాలుగు రోజులకి అదే అల మళ్ళీ మొదలైంది. చిత్తలోని రెండు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కాలం అదే. రెండింటి గీతలూ కనిపిస్తే, ఏది నెమ్మదిగా ఊగుతుందో అదే బరువైనది. బరువుల నిష్పత్తి కూడా గ్రాఫులోంచే వస్తుంది.

ఒక అమ్మాయి అడిగింది: "భూమి కూడా తిరుగుతుంది కదా మాస్టారూ, ఆ వేగం ఇందులో కలవదా?" కలుస్తుంది. భూమి సెకనుకి 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. దాన్ని తీసేశాకే లెక్క సరిపోతుంది. ఆ ప్రశ్న విన్నాక ఈ పనికి ఇంకో రెండు పీరియడ్లు ఇచ్చాను. "ఇది పరీక్షలో వస్తుందా?" అని కొందరు అడిగారు. రాదు. అయినా ఇస్తాను.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. రెండు తారల కక్ష్య మనకి ఎదురుగా పళ్ళెంలా పరుచుకుని ఉంటే అవి మన వైపు రావు, పోవు. గీతలు కదలవు, జంట దొరకదు.

పెళ్ళిలో అరుంధతి పక్కన చూపించే వశిష్ఠుడిలో కూడా ఇలాగే ఒక జంట దాగి ఉందని 1889లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పికరింగ్ ప్రకటించారు. ఈ పద్ధతిలో మొదట దొరికిన జంటల్లో అదొకటి. అక్కడే పనిచేసిన ఆంటోనియా మోరీ అదే ఏడాది ఇంకో జంటని పట్టుకున్నారు. ఆడపిల్లలున్న ఇళ్ళలో ఈ పేరు తప్పక చెప్పండి.

ఈ నెలలో రాత్రి తొమ్మిదింటికి మేడెక్కితే ఉత్తరాన సప్తర్షులు కనిపిస్తారు. వాళ్ళ తోక వంపుని అలాగే కొనసాగిస్తే తూర్పున నారింజ రంగు స్వాతి, ఇంకా ముందుకెళితే ఆగ్నేయంలో తెల్లని చిత్త తగులుతాయి. పౌర్ణమికి చంద్రుడు చిత్త దగ్గరికి వస్తాడు కాబట్టి వెన్నెల తగ్గాక చూడండి.

గ్రాఫులు శనివారం తల్లిదండ్రుల సమావేశంలో గోడకి అంటిస్తాం. ఏ అల ఎందుకలా వచ్చిందో పిల్లలనే అడగండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు