పంచదార తగ్గించే ముందు

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. పండ్లు దొరికే రోజుల్లోనే చలికాలానికి సరిపడా జామ్‌లూ లిక్యూర్లూ (అంటే పండ్లు నానబెట్టి చేసే తియ్యటి మద్యం) చేసి అలమరలో పెట్టుకుంటానని నువ్వు చెప్పినప్పుడు నాకెంత సంతోషం వేసిందో! నువ్వడిగిన మాట మాత్రం ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు. "జామ్‌లో పంచదార సగానికి తగ్గించెయ్యొచ్చా నాన్నా?" అన్నావు. తగ్గించొచ్చమ్మా. అయితే అది అక్కడ ఏం పని చేస్తోందో తెలుసుకుని తగ్గించు. పండు చెడిపోకుండా కాపాడేవి పులుపు, పంచదార, వేడి, ఆల్కహాల్. ఒకదాన్ని తగ్గిస్తే ఆ బరువు మిగతావాటి మీద పడుతుంది. ఈ లెక్క ఒక్కటి పట్టుబడితే ఎవరు చెప్పిన కొలతనైనా ధైర్యంగా మార్చుకోవచ్చు.

ముందు జామ్ సంగతి. పండు త్వరగా చెడిపోయేది అందులోని నీళ్ల వల్లే. పంచదార ఆ నీటిని పట్టి ఉంచి క్రిములకు అందనివ్వదు. జామ్ పేరుకోవడానికీ అదే కావాలి. పండులో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. తగినంత పులుపూ, మొత్తంలో దాదాపు 60–65 శాతం పంచదారా ఉంటేనే ఆ పెక్టిన్ అల్లుకుని రసాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కిలో పండ్లకి కిలో పంచదార అనే పాత కొలత అలా వచ్చిందే. 750 గ్రాములకి తగ్గించినా ఇబ్బంది లేదు, ఇంకాస్త ఎక్కువసేపు ఇగరాలి, అంతే. సగానికి దించావంటే మాత్రం జారుగా వస్తుంది, మూత తీశాక తొందరగా బూజు పడుతుంది. అలాంటిది ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు మూడు వారాల్లో తినెయ్యాలి. లేదంటే తక్కువ పంచదారతో, క్యాల్షియం సాయంతో పేరుకునే పెక్టిన్ పొడి విడిగా దొరుకుతుంది, అది వాడు.

పెక్టిన్ అన్ని పండ్లలోనూ ఒకేలా ఉండదు. పుల్లటి యాపిల్, ప్లమ్, నారింజ తొక్కల్లో బోలెడు. స్ట్రాబెర్రీ, చెర్రీ, పీచ్‌లలో తక్కువ. వీటిలో నిమ్మరసం తప్పకుండా పిండు. పుల్ల యాపిల్ ఒకటి తురిమి కలిపినా బాగుంటుంది. ఇంకో మాట. మిగల పండినవన్నీ జామ్‌లో వేసెయ్యొచ్చని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. పండు మెత్తబడేకొద్దీ అందులో పెక్టిన్ విరిగిపోతూ ఉంటుంది. బుట్టలో నాలుగో వంతైనా దోరపండ్లు ఉండేలా చూసుకో.

స్ట్రాబెర్రీలైతే రాత్రే పంచదార చల్లి మూత పెట్టెయ్. పొద్దున్నకి పండ్లు కాస్త ముడుచుకుని, వాటి రసంలోనే అవి తేలుతుంటాయి. చుక్క నీళ్లు పొయ్యక్కర్లేదు, ఉడికేటప్పుడు ముక్కలూ చితికిపోవు. అడుగు మందంగా, నోరు వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకుని ఒకేసారి కిలో, కిలోన్నర కన్నా ఎక్కువ పెట్టకు. ఎక్కువ వేస్తే ఇగరడానికి చాలాసేపు పడుతుంది, ఆ మరుగుకి పెక్టిన్ దెబ్బతింటుంది, రంగూ నల్లబడుతుంది.

మొదట నురగ పైకి పొంగుతుంది. కాసేపటికి అది తగ్గి బుడగలు పెద్దవవుతాయి, మెరుస్తూ, నెమ్మదిగా, బరువుగా పగులుతాయి. చప్పుడే మారిపోతుంది. ఆ చప్పుడు వినగానే జాగ్రత్తపడు. థర్మామీటర్ ఉంటే సముద్రమట్టంలో 104–105 డిగ్రీల సెల్సియస్ దగ్గర పేరుకుంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 300 మీటర్లకీ నీళ్లు దాదాపు ఒక డిగ్రీ ముందే మరుగుతాయి కాబట్టి, నువ్వున్న చోట నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో చూసి దానికి నాలుగున్నర కలుపుకో. నాకైతే పళ్లెం పరీక్ష మీదే నమ్మకం. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన పళ్లెం మీద అర చెంచా జామ్ వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టు. పాల మీద మీగడలా ముడత పడితే కుదిరినట్టే. ఈలోగా గిన్నె పొయ్యి మీద ఉంచకు, దించెయ్.

సీసాల పని విసుగ్గా ఉంటుంది, తెలుసు. అయినా బద్ధకించొద్దు. ఫ్రాన్స్‌లో నికోలా అపేర్ అనే మిఠాయిల తయారీదారు, గాజు సీసాల్లో ఆహారం పెట్టి బిరడా బిగించి మరిగే నీళ్లలో ఉంచితే చాలాకాలం నిలవుంటుందని కనిపెట్టి, 1810లో దాని మీద పుస్తకం రాశాడు. ఎందుకు నిలవుంటోందో ఆయనకీ తెలియదు. క్రిముల సంగతి లూయీ పాశ్చర్ తేల్చింది దాదాపు యాభై ఏళ్ల తర్వాత. కారణం తెలిసిన మనం ఇంకా శ్రద్ధగా చెయ్యాలి కదా. సీసాలు 10 నిమిషాలు నీళ్లలో మరిగించి, వేడిగా ఉండగానే వేడి జామ్ నింపు. పైన అర సెంటీమీటరు పైచిలుకు ఖాళీ వదులు. అంచు శుభ్రంగా తుడిచి, కొత్త మూత పెట్టి, మునిగేలా మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచు. ఎత్తైన ఊళ్లో అయితే ఇంకాస్త ఎక్కువసేపు. చల్లారేటప్పుడు మూత నడిమి భాగం టక్కుమని లోపలికి దిగుతుంది. మర్నాడు వేలితో నొక్కి చూడు, పైకీ కిందకీ ఆడుతోందంటే ఆ సీసా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

పులుపు దగ్గర మాత్రం రాజీ పడకమ్మా. గాలి చొరని సీసాలో క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా పెరిగితే ప్రాణాలు తీసే విషం తయారవుతుంది. పులుపుని కొలిచే పీహెచ్ అంకె 4.6 కన్నా తక్కువైతే, అంటే పులుపు బాగా ఉంటే, అది పెరగలేదు. చాలా పండ్లతో ఆ భయం లేదు. టమాటా, అంజీర్ ఆ గీత దగ్గర ఊగిసలాడతాయి. పుచ్చ, బొప్పాయి గీత దాటేసినవే. ఇలాంటివాటిని సొంత అంచనాతో సీసాల్లో పెట్టకు. పరీక్షించి నిర్ణయించిన కొలతలు దొరికితేనే, అందులో చెప్పినంత నిమ్మరసమో సిట్రిక్ యాసిడో వేసి మరీ చెయ్యి. బూజు పట్టిన జామ్‌ని పైపైన తీసేసి తినకు, కంటికి కనపడని విషాలు లోపలికి దిగి ఉండొచ్చు. సీసా మొత్తం పారెయ్.

ఇక లిక్యూర్. ఇక్కడ కాపలా ఆల్కహాల్‌ది. పంచదార కేవలం రుచికే కాబట్టి, నీకు ఎంత తగ్గించాలనిపిస్తే అంత తగ్గించుకో. సీలు వేసి అమ్మే వోడ్కా లాంటిది, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గనిది తీసుకో. సారా కాచే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు, అది ప్రమాదం, చాలా దేశాల్లో నేరం కూడా. మనం చేసేది నానబెట్టడం వరకే. అర కిలో పండ్లకి 750 మిల్లీలీటర్ల వోడ్కా, 250 గ్రాముల పంచదార వేశావనుకో. పండ్ల రసమూ పంచదారా కలిసి మొత్తం లీటరూ 300 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. అందులో అసలు ఆల్కహాల్ 300 మిల్లీలీటర్లే, అంటే సుమారు 23 శాతం. 20కి పైన ఉన్నంతవరకూ పులుస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు.

పండ్లు ముందు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి వేస్తే లోపలి పొరలు పగిలి రసం తొందరగా దిగుతుంది. నిమ్మ, నారింజలకైతే పైన రంగు తొక్క మాత్రమే గీసుకో, తెల్లటి భాగం చేదు. చెర్రీ, పీచ్, ఆప్రికాట్ గింజలు తీసేసి వెయ్యి. వాటి లోపలి పప్పులో అమిగ్డలిన్ ఉంటుంది, దాని నుంచి సయనైడ్ పుడుతుంది. పండ్లన్నీ వోడ్కాలో పూర్తిగా మునగాలి, పైకి తేలిన ముక్క గోధుమరంగుకి తిరిగిపోతుంది. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది కాబట్టి చీకటి అలమరలో పెట్టి, మొదటి వారం రోజూ ఒకసారి జాడీ తిప్పు. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఎర్రటి రాస్ప్‌బెర్రీలు పాలిపోయి బూడిదరంగుకి వస్తాయి. అప్పుడు పలుచటి గుడ్డలో వడకట్టు. త్వరగా అయిపోవాలని గుడ్డ పిండావో, మడ్డి దిగి మసకబారుతుంది, దానంతట దాన్ని కారనీ. వడకట్టాక ఇంకో రెండు నెలలు ముట్టుకోకు, మొదట్లో ఉన్న ఘాటు తగ్గి పండు రుచి ముందుకొస్తుంది. సీసాల మీద పండు పేరూ తేదీ రాయడం మర్చిపోకు.

వడకట్టగా మిగిలిన పండ్లు పారెయ్యకు, ఐస్‌క్రీమ్ మీద పెద్దవాళ్లకి వడ్డిస్తే బాగుంటాయి. చూడ్డానికి మామూలు పండ్లలాగే ఉంటాయి గానీ వాటిలో ఆల్కహాల్ నిండా ఉంటుంది. ఫ్రిజ్‌లో పై అరలో, పిల్లలకి అందని చోట, చీటీ అంటించి పెట్టు.

ప్రేమతో,
నాన్న