అమ్మానాన్నల అమెరికా వీసాలు వచ్చేశాయి, అక్కకీ, తమ్ముడికీ, పేరు తెలియని ఒకాయనకీ థాంక్స్

నిన్న రాత్రి (ఖమ్మంలో పొద్దున్న) నాన్న వీడియో కాల్ చేసి పాస్‌పోర్టు పేజీని కెమెరాకి ఎంత దగ్గర పెట్టాడంటే నాకు మసక తప్ప ఇంకేం కనపడలేదు. దూరం పెట్టు నాన్నా అని నాలుగుసార్లు అరిచాక వెనక్కి జరిపి, 2035 దాకా ఇచ్చార్రా, అప్పటికి నాకు తొంభై, అని నవ్వాడు. ఈ నెలన్నర పడ్డ టెన్షన్ అంతా ఆ నవ్వుతో దిగిపోయింది. సాయం చేసినవాళ్లకి విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను కానీ నాకది సరిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు సంగతి ఏంటంటే, అమ్మానాన్నలకి 2015 అక్టోబర్లో ఇచ్చిన పదేళ్ల బీ1/బీ2 (బిజినెస్, టూరిస్టు) వీసాలు మొన్న అక్టోబర్లో అయిపోయాయి. నేను ఇక్కడ అమెరికాలో ఇన్నేళ్లుగా ఉన్నాను కదా, అంతా తెలుసనే ధీమా నాకు. నాన్నకి ఎనభై, ఆ వయసువాళ్లకి ఇంటర్వ్యూ ఉండదు, అమ్మకి మాత్రమే స్లాట్ వెతకాలి అనుకున్నా. ఈ మాట మా ఆఫీసులో పనిచేసే అక్కతో లంచ్‌లో యథాలాపంగా అన్నాను. ఆవిడ అప్పటికే వాళ్ల అత్తమామల వీసాల పని చూసి ఉన్నారు. స్పూన్ కింద పెట్టి, "ఆ రూలు పోయింది తమ్ముడూ" అన్నారు.

నిజమే. 79 దాటినవాళ్లకి ఉన్న మినహాయింపు 2025లో తీసేశారు. అంతకుముందు, అదే ఏడాది ఫిబ్రవరిలో, వీసా అయిపోయాక 48 నెలల దాకా ఉన్న డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చేసి రావడం) గడువుని 12 నెలలకి తెచ్చారు. సెప్టెంబర్ 2 నుంచి చాలా రకాల వీసాలకి డ్రాప్‌బాక్సే లేదు, కానీ బీ1/బీ2 రెన్యువల్‌కి మాత్రం ఆ 12 నెలల లోపు అయితే ఉంచారు. అంటే నాన్నకి పనికొచ్చేది ఆయన వయసు కాదు, పాత వీసా మీద ఉన్న గడువు తేదీ. అదే తేదీ అమ్మకీ పనికొస్తుంది. ఇంటర్వ్యూకి పిలవాలనుకుంటే పిలుస్తారు, ఆ హక్కు కాన్సులేట్ వాళ్లకుంది, కానీ డ్రాప్‌బాక్స్‌లో అప్లై చేసుకోవడానికి ఇద్దరూ అర్హులే. నేనొక్కణ్నే చూసుకుని ఉంటే అమ్మ కోసం ఇంటర్వ్యూ స్లాట్ వేటలో పడి ఎన్ని నెలలు పోగొట్టేవాణ్నో.

అక్క అక్కడితో ఆగలేదు. అప్పటికే ఊళ్లో ఒక ఏజెంటు చేత నాన్న డీఎస్-160 (వీసా అప్లికేషన్ ఫారం) నింపించేసి ఉన్నాడు (నాకు చెప్పకుండా, నన్ను ఇబ్బంది పెట్టకూడదని!). దాని కాపీ తెప్పించి ఆవిడకి చూపించాను. ఈమెయిల్ దగ్గర ఏజెంటుది ఉంది. అది చిన్న విషయం. "మీకు ఎప్పుడైనా అమెరికా వీసా తిరస్కరించారా" అన్న ప్రశ్నకి నో అని ఉంది. 2012లో బేగంపేటలో, అప్పటి అమెరికా కాన్సులేట్‌లో, నాన్నకి రిజెక్ట్ అయింది, 214(బి), అంటే తిరిగి వెళ్తారని నమ్మకం కుదరలేదనే సెక్షన్, రెండు నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టి పంపించేశారు. నాన్న ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడడు. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసినవాడు, ఫెయిల్ అనే మాట ఆయనకి పడదు. ఏజెంటేమో, పాత కథ ఎందుకండీ, తర్వాత వచ్చింది కదా అన్నాడట.

అక్క ఆ రోజు సాయంత్రం నాన్నతో ఫోన్లో మాట్లాడారు. నేను పక్కనే ఉన్నాను. మాస్టారూ, తిరస్కరించిన తర్వాత మళ్లీ వీసా ఇచ్చారు కాబట్టి అదిప్పుడు మీకు అడ్డు కాదు, దాచిపెడితే మాత్రం అడ్డవుతుంది, తెలిసి అబద్ధం చెప్పారని తేలితే ఇక ఎప్పటికీ రానివ్వకుండా చేసే సెక్షన్ ఒకటుంది, అని నెమ్మదిగా చెప్పారు. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నాన్న, "అయితే ఎస్ అనే పెట్టండమ్మా" అన్నాడు. నేను చెప్పి ఉంటే గొడవయ్యేది, అది మాత్రం నాకు తెలుసు.

సరే, ఫారం మొదటి నుంచి మళ్లీ నింపాలి. ఇక్కడే ఖమ్మంలో మా పక్కింటి తమ్ముడి సంగతి చెప్పాలి. ఎవరు సాయం చేసినా సబ్మిట్ మాత్రం అప్లై చేసే మనిషే నొక్కాలి కదా, అందుకని రోజూ తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చేవాడు. ఇరవై నిమిషాలు ఏమీ కదపకపోతే ఆ సైట్ బయటికి నెట్టేస్తుంది, నాన్నేమో ఒక్కో తేదీ కోసం బీరువా తెరిచి పాత డైరీ తీసి, కళ్లజోడు వెతుక్కుని, ఆ పేజీలో ఇంకేదో కనపడితే అది చదువుతూ కూర్చునేవాడు. మూడు రోజులు పట్టింది. అప్లికేషన్ ఐడీని తమ్ముడు క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో రాసిపెట్టాడు, అది ఇంకా అలాగే ఉంది. పోయినసారి ఎప్పుడెప్పుడు వచ్చారో తేదీలు స్టాంపుల మీద చెరిగిపోతే ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) సైట్లో ట్రావెల్ హిస్టరీ చూసి సరిచూసుకున్నాం, అదీ అక్క చెప్పిందే.

పేరు గొడవ వేరే. నాన్న పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో ఉండేది. అలా ఉంటే వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు కింద వేసి అసలు పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. పదేళ్లు నాన్న అమెరికా కాగితాల్లో ఎఫ్‌ఎన్‌యూగానే బతికాడు, ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ అబ్బాయి "మిస్టర్ ఫ్ను" అని కూడా పిలిచాడు. కొత్త పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి వేయించాం. ఇప్పుడు ఏ పేరు రాయాలి అని బుర్ర వేడెక్కింది. కొత్త పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసి, పాతది వేరే పేర్ల గడిలో పెట్టి, పాత పాస్‌పోర్టు కూడా జతచేయమన్నారు అక్క. అలాగే చేశాం.

ఫోటో గురించి ఒక్క మాట. కళ్లజోడు తీసేసి దిగాలి. నలభై ఏళ్లుగా కళ్లజోడుతోనే ఉన్న ముఖం, ముక్కు మీద రెండు వైపులా గుంటలు, కళ్లు చికిలించి... అమ్మ చూసి "ఎవరీయన?" అంది.

ఇక మూడో ఆయన. కాగితాలు ఇవ్వడానికి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉన్న వీసా సెంటర్‌కి తమ్ముడే కార్లో తీసుకెళ్లాడు, ఖమ్మం నుంచి తెల్లవారుజామున బయల్దేరి. ఇద్దరినీ దింపి పార్కింగ్ కోసం వెళ్లాడు. అక్కడ నిలబడ్డ ఒకాయన, వాళ్ల అమ్మగారి పని మీద వచ్చారట, అమ్మ చేతిలో ఫైలు చూసి ఒకసారి సరిచూద్దామా అమ్మా అని అడిగి తీసుకున్నారు. చూస్తే రెండూ నాన్న డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీలే! అమ్మది లేనే లేదు. ఆ పేజీ మీది బార్‌కోడ్ నంబరు అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరుతో కలవాలి, అది లేకుండా లోపలికి వెళ్లి ఉంటే తిరిగి వచ్చేవాళ్లు. ఆయన నాన్న ఫోన్లోంచి పీడీఎఫ్ తన ఫోన్‌కి పంపుకుని, ఎక్కడికో వెళ్లి ప్రింట్ తీసుకొచ్చి ఇచ్చారు. డబ్బులిస్తుంటే తీసుకోలేదు. పేరు అడగడం నాన్నకి తోచలేదు, ఇంటికొచ్చాక దానికి అమ్మ చేత తిట్లు తిన్నాడు. అయ్యా, మీరెవరో తెలియదు, ఇది మీ కంట పడితే మా అమ్మ మీకు నమస్కారం చెప్పమంది. (తమ్ముడూ, రెండు కాపీలు పెట్టింది నువ్వేనని అందరికీ తెలిసిపోయింది, సారీ.)

ఫీజు మనిషికి 185 డాలర్లు, ఇద్దరికీ కలిపి 370. ఏజెంటుకి ఇచ్చింది వేరే, దాని గురించి మాట్లాడొద్దని నాన్న ఆర్డర్.

ఇప్పుడు నాన్నకి కొత్త అనుమానం, పదేళ్లు ఇచ్చారు కదా, మరి ఆర్నెల్లకే ఎందుకు వెళ్లిపొమ్మంటారు అని. వీసా తలుపు దగ్గరికి రావడానికే, ఎన్నాళ్లు ఉండొచ్చో దిగినప్పుడు ఆఫీసరు ఇచ్చే ఐ-94లో ఉంటుంది అని చెప్పాను. నమ్మలేదు. అక్కని అడిగి చెప్పు అన్నాడు.

అక్కా, ఏప్రిల్లో వస్తున్నారు. దిగిన వారంలోపే మీ ఇంటికి తీసుకెళ్లాలని అమ్మ ఇప్పటినుంచే పట్టుబట్టింది, ఏ రోజు కుదురుతుందో చెప్పండి.