రెండు వాల్వులూ తెరిచి ఉండే ఆ కాసేపు

అరే మామా,

ఎట్లున్నావు? పత్తి సీజన్ మొదలయ్యేలోపే లారీ ఇంజన్ విప్పించి మంచి పని చేశావు. నువ్వడిగిన ప్రశ్న మాత్రం నన్ను రెండు రోజులు వదల్లేదు. "గాలి వచ్చే ఇన్‌లెట్ వాల్వు, పొగ పోయే ఎగ్జాస్ట్ వాల్వు రెండూ ఒకేసారి తెరుచుకుంటే వచ్చిన గాలి అటునుంచి అటే పోదా?" అన్నావు. పోతుందిరా. పోవాలి కూడా!

మా కాజీపేట డీజిల్ షెడ్డులో పాత ఆల్కో రైలింజన్లు ఉండేవి కదా, 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. వాటిలో పిస్టన్లకు కలిసి తిరిగే క్రాంకు ఇరుసు 120 డిగ్రీలకు పైగా తిరిగేదాకా రెండు రకాల వాల్వులూ తెరిచే ఉంటాయి. చుట్టులో మూడో వంతు! చేరిన కొత్తలో ఆ టైమింగ్ చూసి అచ్చుతప్పు అనుకున్నాను.

పిస్టన్ ఎంత పైకొచ్చినా హెడ్డుకు తగలదు. పన్నెండు వంతుల గాలిని ఒక వంతుకు నొక్కే ఇంజన్ అనుకో, ఆ చివరి వంతు చోట్లో కాలిన పొగ అలాగే నిలిచిపోతుంది. దాన్ని పిస్టన్ నెట్టలేదు, పోయే పొగ ఊపుకు తిరిగే టర్బో పంకా ఊదే గాలి నెడుతుంది. లోడు మీద ఇన్‌లెట్ వైపు ఒత్తిడి ఎగ్జాస్ట్ కన్నా ఎక్కువ. అందుకే గాలి ఇటునుంచి దూరి పొగను ఊడ్చుకుంటూ పోతుంది, పోతూ ఎగ్జాస్ట్ వాల్వునూ పిస్టన్ నెత్తినీ చల్లబరుస్తుంది. గాలిలో పెట్రోలు ముందే కలిపే కార్బురేటర్ బండిలో ఇట్లా చేస్తే పెట్రోలు కూడా కొట్టుకుపోతుంది. మనదాంట్లో వచ్చేది ఉత్త గాలే, డీజిల్ తర్వాత చిమ్ముతుంది.

నాకు మరీ ఇష్టమైనది గొట్టాల అమరిక. ఒక సిలిండర్ వాల్వు తెరవగానే పొగ గుప్పున తన్నుకొస్తుంది. అదే గొట్టంలో ఇంకో సిలిండర్ అప్పుడే ఊడ్పు పనిలో ఉంటే, ఆ దెబ్బకు పొగ దాంట్లోకి వెనక్కి తిరుగుతుంది. అందుకే ఆరు సిలిండర్ల ఇంజన్‌లో 1, 2, 3 ఒక గొట్టానికి, 4, 5, 6 ఇంకో గొట్టానికి కలుపుతారు. 1-5-3-6-2-4 వరసలో మండితే ఒక్కో గొట్టంలో దెబ్బకూ దెబ్బకూ 240 డిగ్రీల ఎడం దొరుకుతుంది. 1905లోనే టర్బోకి పేటెంట్ తీసుకున్న స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి, ఈ దెబ్బల కిటుకు పట్టుకున్నది 1925లో. ఇరవై ఏళ్లు వదలకుండా పట్టుకున్నాడు మామా, తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంజన్ లోడు లేకుండా ఊరికే తిరిగే ఐడిల్‌లో మాత్రం టర్బో నెమ్మదిగా తిరుగుతుంది, ఈ ఊడ్పు సరిగా జరగదు. రైలు కదిలేటప్పుడు ఆల్కో నల్లగా పొగ కక్కేది గుర్తుందా? డీజిల్ ముందు పెరిగేది, గాలి వెనకబడేది.

ఇంజన్ బిగించకముందే సిలిండర్ల పొగ గొట్టాలు కలిసే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు చూడు. మూడేసి దారులు టర్బో దాకా విడిగా వెళ్తున్నాయా, మధ్యలోనే కలుస్తున్నాయా? చూసి తప్పకుండా రాయి. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ మామ