సాలిడోను మర్చిపోకండి

సంపాదకుడు గారికి,

బాక్సింగ్ మీద రాసినప్పుడల్లా ఓటమి ఎరుగని వీరుల పేర్లే ఎందుకండీ? మెక్సికో బాక్సర్ ఓర్లాండో సాలిడో 1996లో, పదిహేనేళ్లకే ప్రొఫెషనల్‌గా దిగి మొదటి పోటీలోనే ఓడాడు, మొదట్లో ఇంకా చాలాసార్లు ఓడాడు, అలాంటి రికార్డు చూసి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2011లో అదే మనిషి అప్పటిదాకా ఓడని హువాన్ మాన్యుయెల్ లోపెజ్‌ను ప్యూర్టోరికోలోనే, లోపెజ్ సొంత అభిమానుల ముందే ఎనిమిదో రౌండ్లో ఓడించి ప్రపంచ టైటిల్ పట్టుకెళ్లాడు! 2014లో రెండు ఒలింపిక్ స్వర్ణాల లోమచెంకోనూ ఓడించాడు. ఆ పోటీకి బరువు పరిమితి దాటి వచ్చాడు, అది తప్పే, కాదనను. అయినా శరీరం మీద అదేపనిగా కొట్టి ఎదుటివాణ్ణి అలసిపోయేలా చేసే ఆ పోరాట పద్ధతి గురించి మీ క్రీడా పేజీలో ఒక మంచి వ్యాసం వేయండి.

- ఒక పాఠకుడు