గూడబాతును, ఫ్లెమింగోను ఒకే గాట కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో పులికాట్ సరస్సు పక్షుల మీద వచ్చిన కథనం చదివి చాలా బాధపడ్డాను. ఫ్లెమింగోను, గూడబాతును (పెలికాన్) పక్కపక్కన వేసి, రెండూ అంతరించిపోతున్నాయని రాసేశారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రమాదంలో ఉన్న జీవులను లెక్కగట్టే ఎర్ర జాబితా ప్రకారం పెద్ద ఫ్లెమింగోకు ప్రస్తుతం ముప్పు లేదు. ఆఫ్రికా, దక్షిణ ఐరోపా నుంచి మన దేశం దాకా ఉన్న పక్షి అది. ముప్పుకు చేరువలో ఉన్నది గూడబాతు.

రెండూ నీళ్లలో కనిపించినంత మాత్రాన చుట్టాలు అయిపోవు. ఫ్లెమింగోకు దగ్గరి బంధువు మన చెరువుల్లో మునిగే బుడుబుంగ. గూడబాతుది కొంగల వైపు వంశం. ఫ్లెమింగో మన దగ్గరికి మేతకు వస్తుంది, గూళ్లు గుజరాత్‌లోని కచ్ రణ్‌లో బురదతో కట్టుకుంటుంది. గూడబాతు మన సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చెరువులోనే పిల్లల్ని పెంచుతుంది. అక్కడ నీళ్ల మధ్య నిలిచిన కడప అనే జాతి చెట్ల కొమ్మలు రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంటాయి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తింటుంది. 1976లోనే ఆ చెరువును పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారంటే ఊరికే కాదు.

అక్కడ పక్షుల పండగ ఫ్లెమింగో పేరుతో చేస్తున్నారు, చేసుకోనివ్వండి. గూళ్లలో పిల్లలుండే జనవరిలోనే బస్సుల కొద్దీ జనాన్ని ఆ గట్టు మీదికి ఎందుకు తరలిస్తారు? బెదిరిన గూడబాతు గూడు వదిలి లేచిపోతుందని తెలియదా? కొల్లేరు ప్రాంతంలో, ఆరేడు అనే ఊళ్లో 1946లో వెలుగులోకి వచ్చిన గూడబాతుల కాలనీ ఆ తర్వాత మూడు దశాబ్దాలు తిరిగేలోపే ఖాళీ అయిపోయింది. ఇంకెన్ని పోవాలి?

ఏ శాఖ చూసినా ఇదే తీరు. వేదికలు, స్వాగత ద్వారాలు, శాలువాలకు లోటుండదు. పులికాట్ ముఖద్వారంలో ఇసుక మేటలు తీయమని మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నా వినేవారు లేరు. 2022లో సూళ్లూరుపేట మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కొండకు వచ్చే భక్తుల ఏర్పాట్లపై పెట్టే శ్రద్ధలో కొంతైనా ఆ చెరువుపై పెట్టలేరా? వేసవిలో నీరెంత మిగిలింది, కడప మొక్కలు ఎన్ని నాటారు, గూళ్లెన్ని అన్నది ఏటా ప్రజలకు చెప్పాలి. సందర్శకులను గూళ్లకు దూరంగా ఆపాలి.

మీరు కూడా సవరణ వేయండి. మీ పేజీ కత్తిరించి బడిలో అంటించుకునే పిల్లలున్నారు.

– ఒక పాఠకుడు, తిరుపతి