పడకగదికి ఒక చిన్న డిస్క్ ప్లేయర్

ఇర్వింగ్, టెక్సస్

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మగారూ నాన్నగారూ న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఆరు నెలల పాటు మీ దగ్గర ఉండబోతున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. వాళ్ళ పడకగదిలో ఉన్న 32 అంగుళాల టీవీకి సరిపోయేలా, ఎక్కువ ఖరీదు కాని డిస్క్ ప్లేయర్ ఒకటి కావాలనీ, నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ వంటి యాప్‌లు కూడా అందులోనే ఉంటే బాగుంటుందనీ రాశావు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ప్లేయర్‌ను డిస్కుల కోసం కొను. యాప్‌లను కొసరుగా మాత్రమే లెక్కపెట్టుకో. లోపలి లేజరూ మోటారూ చక్కగా ఉన్నంత కాలం ఆ పెట్టె డిస్కులు చదువుతూనే ఉంటుంది. యాప్‌ల సంగతి అలా కాదు. అవతల సినిమాలు అందించే సంస్థ తన పద్ధతి మార్చుకున్నప్పుడల్లా, ఇవతల ప్లేయర్ తయారు చేసిన కంపెనీ దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను సవరించి పంపాలి. పంపకపోతే ఆ యాప్ అంతటితో ఆగిపోతుంది. 2015లో యూట్యూబ్ తన పాత వ్యవస్థను మూసివేసినప్పుడు, 2012లోనూ అంతకు ముందూ వచ్చిన ఎన్నో టీవీలలో, బ్లూరే (డీవీడీ తర్వాత వచ్చిన, ఇంకా స్పష్టమైన బొమ్మ ఇచ్చే డిస్కు) ప్లేయర్లలో ఆ యాప్ పనిచేయడం మానేసింది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కూడా కొన్ని పాత పరికరాలకు రావడం ఆగిపోయింది. పైగా ఇప్పుడు ప్లేయర్లు తయారు చేసేవాళ్ళే తగ్గిపోతున్నారు. అమెరికాలో ఇక కొత్త బ్లూరే ప్లేయర్లు తీసుకురాబోమని శామ్‌సంగ్ 2019లోనే చెప్పింది. ఎల్‌జీ 2024 చివరలో ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. సోనీ, పానాసోనిక్ మాత్రం ఇంకా మిగిలి ఉన్నాయి.

అందుకే నా సలహా సోనీ బీడీపీ-ఎస్3700 అనే బ్లూరే ప్లేయర్. డీవీడీలు కూడా అందులో ఆడతాయి. ఇది 2016 నాటి మోడల్, వంద డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. వెడల్పు సుమారు 9 అంగుళాలే కాబట్టి పక్కబల్ల మీద కూడా ఇమిడిపోతుంది. వైఫై లోపలే ఉంది. దీనికి తమ్ముడి వంటి ఎస్1700 ఇంకొంచెం చవక, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అందులోనూ యాప్‌లు ఉంటాయి. కానీ దానికి వైఫై లేదు, రౌటర్ నుంచి తీగ లాగి వెనుక గుచ్చవలసిందే. పడకగది దాకా తీగ లాగడం నీ ఇంట్లో కుదరదని నాకు తెలుసు. ఆ పది ఇరవై డాలర్ల ఆదా కోసం ఎస్1700 తీసుకోవద్దు. నెట్‌ఫ్లిక్స్ 1080పీ, అంటే పూర్తి హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్ల వేగం చాలంటుంది, కనుక మామూలు ఇంటి ఇంటర్నెట్ ధారాళంగా సరిపోతుంది.

4కే, అంటే హెచ్‌డీ కన్నా ఇంకా సూక్ష్మమైన బొమ్మ ఇచ్చే ప్లేయర్ గురించి కూడా అడిగావు. 32 అంగుళాల టీవీకి, అదీ మంచం మీద నుంచి చూసేందుకు, దాని మీద డబ్బు పెట్టడం అనవసరం. హాల్లోకి పెద్ద టీవీ కొన్న రోజున ఆలోచిద్దాం.

ఇక డిస్కుల విషయానికి వస్తాను. నువ్వు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ఇదే. నాన్నగారు పెట్టెలో సర్దుకుని తెస్తున్న డీవీడీలు ఇక్కడి ప్లేయర్‌లో ఆడతాయా లేదా అన్నది అట్ట వెనుక చూస్తే తెలిసిపోతుంది. కింది మూలలో చిన్న భూగోళం బొమ్మ, దాని మీద ఆ డిస్కు ఏ ప్రాంతానికో చెప్పే ఒక అంకె ఉంటాయి. అమెరికాకు 1, భారతదేశానికి 5. 0 అని గానీ ఆల్ అని గానీ ఉంటే ప్రాంతపు కట్టడి లేనట్టే. సాధారణంగా దాని దగ్గరే ఎన్‌టీఎస్‌సీ అనో పాల్ అనో అచ్చు వేసి ఉంటుంది. ఇవి బొమ్మను ఎక్కించే రెండు పద్ధతులు, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, భారతదేశానిది పాల్. ఇక్కడ అమ్మే బ్లూరే ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కులను తీసుకోవు. ఒకప్పుడు అమెరికాలోని మన సరుకుల కొట్లలో బియ్యం మూటల పక్కన అమ్మిన తెలుగు డీవీడీలు ఎక్కువగా ఇక్కడి కోసమే ఎన్‌టీఎస్‌సీలో, ప్రాంతపు కట్టడి లేకుండా వచ్చినవి, వాటితో ఏ ఇబ్బందీ ఉండదు. ఇండియాలో కొన్నవాటినే ఒక్కొక్కటిగా తిప్పి చూడాలి. బ్లూరేలకు అంకెలు కాక అక్షరాలు ఉంటాయి: అమెరికాకు ఏ, మనకు సీ. వీసీడీలు (డీవీడీలకు ముందు వచ్చిన పాత డిస్కులు) ఉంటే మాత్రం వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఇప్పటి ప్లేయర్లలో అవి కొన్నిటిలో ఆడతాయి, కొన్నిటిలో ఆడవు.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పి ఉంచుతాను, లేకపోతే ప్లేయర్ పాడైందనుకుంటారు. పాత తెలుగు డీవీడీలలో చాలా వాటిలో బొమ్మను చదరపు తెరకు తగ్గట్టు పైనా కిందా నల్ల పట్టీలతో ఎక్కించారు. ఇప్పటి వెడల్పాటి టీవీలో దానికి ఎడమా కుడీ కూడా పట్టీలు చేరి, సినిమా తెర మధ్యలో చిన్న కిటికీలా కనిపిస్తుంది. టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కితే బొమ్మ తెర వెడల్పంతా పరుచుకుంటుంది. ఒకే డిస్కులో మూడు సినిమాలు కుక్కినవాటికి మాత్రం మందు లేదు. వాటిలో ముఖాలు అలుక్కుపోయినట్టే ఉంటాయి. అయినా ఆ డిస్కులు నాన్నగారివి, ఎవరి లైసెన్సు గడువు ముగిసినా ఆయన చేతిలో నుంచి పోవు. ఏదైనా యాప్‌లో ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెలకు కనిపించకుండా పోవడం నువ్వూ చూశావు కదా. అందుకే వాటిని తెచ్చుకోమని గట్టిగా చెప్పు, బరువని వదిలేయనివ్వకు.

పడకగది కనుక ధ్వని గురించి కూడా ఆలోచించాలి. రాత్రి పూట మాటలు వినబడాలని శబ్దం పెంచితే, పోరాటం రాగానే ఇల్లంతా దద్దరిల్లుతుంది. ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఆడియో డీఆర్‌సీ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే పెద్ద శబ్దాలకూ చిన్న మాటలకూ మధ్య ఉన్న ఎడం తగ్గుతుంది. వచ్చిన రోజే ఆ పని చేసిపెట్టు. అమ్మగారు నిద్రపోయాక నాన్నగారు ఒక్కరే ఇయర్‌ఫోన్లతో చూడాలనుకుంటే, బ్లూటూత్ ఉన్న ఎస్6700 తీసుకోవచ్చు, ధర కొంచెం ఎక్కువ. టీవీలోనే బ్లూటూత్ ఉంటే అదీ అక్కర్లేదు. ప్లేయర్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టెలో సాధారణంగా రాదు, విడిగా కొనాలి. టీవీలో సీఈసీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఒకే రిమోట్‌తో రెండూ నడుస్తాయి. పెద్దవాళ్ళకు అది ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు.

ఆహా వంటి మన తెలుగు యాప్‌లు ఈ ప్లేయర్లలో ఉండవు. వాటి కోసం 30, 40 డాలర్లలో వచ్చే రోకు గానీ ఫైర్ టీవీ స్టిక్ గానీ టీవీకి తగిలించు. కొన్నేళ్ళకు ప్లేయర్‌లోని యాప్‌లు పాతబడినా ఆ స్టిక్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. డిస్కులు కొనే అవసరం కూడా పెద్దగా ఉండదు. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో డీవీడీలు, బ్లూరేలు ఉచితంగా ఇస్తారు, నాన్నగారిని సాయంత్రాలు అక్కడికి తీసుకువెళ్ళు.

వాళ్ళు బయలుదేరే లోపు నాన్నగారికి ఫోన్ చేసి, అట్టల వెనుక ఏముందో చదివించి నాకు రాయి. ఎన్‌టీఎస్‌సీతో పాటు 1 గానీ 0 గానీ ఆల్ గానీ ఉన్నవి ఎక్కువైతే నిశ్చింతగా ఎస్3700 తెప్పించు. పాల్ గానీ 5 గానీ ఉన్నవి ఎక్కువైతే అది వద్దు. పాల్‌తో సహా అన్ని ప్రాంతాల డిస్కులనూ ఆడించే మామూలు డీవీడీ ప్లేయర్ చవకగానే దొరుకుతుంది, దానికి స్టిక్ తోడైతే చాలు. అమ్మగారికీ నాన్నగారికీ నా నమస్కారాలు తెలియజేయి.

ఇట్లు,
నీ మిత్రుడు